ఒళ్ళు దగ్గర పెట్టుకుని

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా
న్యూకాసిల్‌లో, హంటర్ స్ట్రీట్ మూడో అంతస్తులో
ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఒళ్ళు చూస్తూ కూర్చుంటాను.

నవ్వకండి. ఉద్యోగం అది.
హైవేకి అడ్డంగా వేసిన ఇనుప కమ్మీ మీంచి
కెమెరా కార్లలోకి తొంగిచూసి తీసిన ఫొటోలు.
మొహాలు ముందే చెరిపేసి పంపుతారు.
మెడ కింద నుంచి మోకాళ్ళ దాకా మనిషి:
బెల్టు, చొక్కా, చేతులు, ఒడి.
మిషనుకి అనుమానం వస్తుంది,
అవునో కాదో నేను తేల్చాలి.

పాపం మిషను, దానికి అన్నీ ఫోన్లే.
కళ్ళజోడు డబ్బా. మాత్రల అట్ట. సగం కొరికిన మీట్ పై.
ఒకసారి, ఇంకొకరి చెయ్యి,
గేరు పక్కన, వేళ్ళలో వేళ్ళు.
"కాదు" నొక్కాను.
నొక్కాక కూడా చూస్తూ ఉంటే
పక్క టేబులు గ్లెనిస్ దగ్గింది.

నిజంగా ఫోనైతే దాపరికం ఉంటుంది.
టోపీ కింద, బర్గరు కాయితం కింద,
పచ్చడి జాడీలో దొంగతనంగా పెట్టినట్టు
బొటనవేలు.
ఒకామె మణికట్టుకి ఆసుపత్రి పట్టీ ఇంకా ఉంది.
ఒకడి ఒళ్ళో కుక్కపిల్ల, కుక్కపిల్ల వీపు మీద ఫోను.
ఎవరికి, ఏమని, అడగకూడదు.
వేగం మాత్రం మూల రాసి ఉంటుంది, నూటపది.
ట్రైనింగులో మమ్మల్ని కార్ పార్కులోకి తీసుకెళ్ళి
రెండు సెకన్లు కళ్ళు వాలిస్తే బండి ఎంత పోతుందో
సుద్దతో గీసి చూపించారు.
ఆ గీత వెంట నడిచాను.
నా అంగల్లో ఎనభై రెండు.

చీరాలలో లూనా నేర్పిస్తూ మా పిన్ని అనేది,
"ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపు."
ఒళ్ళు ఎక్కడికి పోతుంది పిన్నీ, అని నవ్వేదాన్ని.
ఇక్కడ చూస్తున్నాను కదా.
ఒళ్ళన్నీ దగ్గరే ఉన్నాయి,
బెల్టు కట్టి మరీ.
మనిషే లేడు.

జూన్‌లో ఒక పొద్దున, ఇంకా చీకటి.
డ్యూటీ దిగి వాల్‌సెండ్ వెళ్తున్నాను.
ఫోను దాని స్టాండులో అది ఉంది,
రెండు చేతులూ స్టీరింగు మీద, పదీ రెండు అంకెల దగ్గర.
హ్యాండ్స్ ఫ్రీ. చేతులకి విడుదల.
స్పీకర్లో మా అక్క వకుళ:
"పదిహేనేళ్ళయినా అడుగుతాను, ఆ గొలుసు నువ్వే తీశావు."
తీయలేదంటున్నాను.
బీరువా, బీరువా మీద పెట్టె, పెట్టెలో
ఎర్ర గుడ్డ, అన్నీ కనిపిస్తున్నాయి నాకు.
ఆ రౌండబౌట్ ఒక్కటి కనిపించలేదు.

బానెట్ మీద చరిచిన చప్పుడు.

ఒక కుర్రాడు. మెరిసే పసుపు జాకెట్టు,
ఒక కాలు నేల మీద, సైకిలు వంకర తిరిగి.
తిట్టలేదు.
వంగి అద్దంలోంచి నా మొహం చూశాడు.
మేము చెరిపేస్తామే, అది.
తర్వాత ఊడిన గొలుసు ఎక్కించుకుని
నల్లబడ్డ వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని వెళ్ళిపోయాడు.
"వింటున్నావా?" అంటోంది అక్క,
"వింటున్నావా?"
వింటూనే ఉన్నాను. అదే కదా.

జరిమానా లేదు, పాయింట్లు పోలేదు.
ఆ క్షణాన కమ్మీ మీంచి ఫొటో తీసినా
ఎవరైనా "కాదు" అనే నొక్కేవాళ్ళు,
నేనైనా.

బానెట్ దుమ్ములో అయిదు వేళ్ళు మిగిలాయి.
కడగలేదు.
గురువారం వాన పడింది.
శుక్రవారం కూడా, ఒక వాలున నిలబడి చూస్తే,
చూపుడువేలు ఉంది.

మా నిఘా పరీక్షించడానికి
మధ్యమధ్య తప్పు లేని ఫొటోలు కలుపుతుంటారు.
రెండు చేతులూ స్టీరింగు మీద, ఒళ్ళో ఏమీ లేదు.
"కాదు" నొక్కాలి. నొక్కుతాను.
ఈమధ్య ఆలస్యంగా నొక్కుతున్నానని
గ్లెనిస్ ఎక్కడో రాసుకుంది.